మూడు దెబ్బలు, ఆగి ఒకటి

నీళ్లకు మాటలొచ్చని బడిలో ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పే తరగతి దాకా జంగయ్య బడిలో ఉండనూ లేదు. ఏడో తరగతి నడుమ పుస్తకాల సంచి గూట్లో పడేసి, మేనమామ వెంట వాల్వులు తిప్పడానికి పోయాడు. ఆ సంచి ఏమైందో తెలియదు. ఆనాడు మేనమామ చేతికిచ్చిన ఇనుప తాళంచెవి మాత్రం, యాభై మూడేళ్లు వచ్చినా అతని భుజం మీదే ఉంది.

నాలుగడుగుల చువ్వ అది. కింది కొనను రోడ్డు గుంతలో ఉన్న వాల్వుకు తొడిగి, పైన అడ్డకడ్డీ పట్టుకుని తిప్పితే గల్లీకి నీళ్లొస్తాయి. తిప్పాక అదే చువ్వను పైపు మీద ఆనించి, అడ్డకడ్డీకి చెవి పెడితే గల్లీ సంగతులన్నీ వస్తాయి. ఎక్కడ లీకుందో, ఎవరు మోటరు పెట్టి గుంజుతున్నారో, ఎవరింట్లో ఇంకా నిద్ర లేవలేదో. ఆ తర్వాత జంగయ్య గల్లీ పొడుగునా నడుస్తూ ఒక్కో గేటు మీద చువ్వతో కొట్టేవాడు. మూడు దెబ్బలు, ఆగి ఒకటి. నీళ్లొచ్చినయని దాని అర్థం. బిందెలు, బకెట్లు, నిన్నటి తగాదాలు పట్టుకుని జనం బయటికొచ్చేవారు. రాని ముసలివాళ్లుంటే పక్కింటివాళ్లు కేకేసేవారు.

కుమ్మరికుంట అప్పటికే ఊరూ కాదు, పట్నమూ కాదు. రింగు రోడ్డు దాటాక ఒకప్పుడు ఇటుక బట్టీలుండేవి. బట్టీలకు ఒడిశా నుంచి, భవంతులకు బీహారు నుంచి, బెంగాలు నుంచి మనుషులొచ్చారు. వచ్చినవాళ్లలో కొందరు తిరిగి పోలేదు. ఇక్కడే ముసలివాళ్లయిపోయారు. ఏడు భాషల్లో దగ్గే మున్సిపాలిటీ మాది అని జంగయ్య అనేవాడు.

అలాంటి చోటికి నీలవేణి వచ్చింది. తెనాలి అమ్మాయి, పెద్ద చదువు చదివింది. పంపుహౌసు పక్క గదిలో నాలుగు తెరలు పెట్టుకుని కూర్చుంది. ముసలివాళ్లకు, కొత్త భాషలవాళ్లకు పనికొచ్చేలా మున్సిపాలిటీ సేవలన్నీ మార్చాలట, దానికొక యంత్రం చేస్తోందట. మొదటివారమే ఆమె జంగయ్య వెనకాల గల్లీలో నడిచింది. అతను చువ్వకు చెవి పెట్టడం చూసి ఆగిపోయింది.

"ఏం వినబడుతుందండీ?"

"నువ్వే ఇను బిడ్డా."

ఆమె చెవి పెట్టింది. అంతా ఒకటే హోరు.

"గా గలగల ఉన్నది సూడు, కొంచెం కొంచెం ఆగుకుంట. అది ఖాజా మియా నమాజుకు ముందు చేసే వజూ. ముందు చేతులు, ఎన్క నోరు, ఎన్క ముఖం. ఇగో, ఇప్పుడు దబ్ దబ్‌మని పడ్తున్నది గురుబారి అవ్వ తానం. పదకొండు చెంబులు పోస్కుంటది, లెక్క తప్పదు. మొన్నటిదాంక గబగబ పోసేది. గీ నెల నుంచి చెంబుకూ చెంబుకూ నడుమ జర తేడా వస్తున్నది. భుజం నొస్తున్నట్టుంది."

నీలవేణి మళ్లీ చెవి పెట్టి విన్నది. తర్వాత, "జంగయ్య గారూ, నేను మూడేళ్లుగా వెతుకుతోంది ఇదేనండీ" అంది.

ఆరు నెలలు జంగయ్య ఆ చల్లటి గదిలో కూర్చున్నాడు. ఇంటింటి నీటి పైపుకూ బొటనవేలంత వెడల్పు ఉంగరం తొడిగారు. ఆ ఉంగరం విన్నదంతా తెర మీద గీతలై కదిలేది. నీలవేణి ఒక్కో చప్పుడూ వినిపించేది, అతను పేరు చెప్పేవాడు, యంత్రం నేర్చుకునేది. బియ్యం కడగడం, బట్టలు జాడించడం, చేతులు వణికే మనిషి గ్లాసు నింపుకోవడం. జీవితంలో మొదటిసారి చదువుకున్న మనిషి తను చెప్పింది రాసుకుంటుంటే, జంగయ్యకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇంటికి పోయి భార్య అనసూయతో, "మిషనుకు పంతులయిన" అని చెప్పుకున్నాడు.

"పంతులైతవో, పిచ్చోడివైతవో" అంది అనసూయ. "ఉన్నయన్నీ దానికే ఊదుతున్నవ్. రేపు దానికి అన్నీ వస్తే, నీకేం పనుంటది?"

ఒకనాడు తెర మీద చిన్న చిన్న మొనలు కనబడ్డాయి. టక్, టక్, టక్.

"ఇదేంటండీ?"

"గాలి. లైన్ల గాలి ఇరుక్కుంటే పైపులు గట్లనే కొట్టుకుంటయ్. ఇడ్సిపెట్టు."

నీలవేణి ఆ మొనల కింద 'గాలి' అని రాసింది.

యంత్రానికి కాగితాల్లో ఏదో సంస్కృతం పేరు పెట్టారు. జనం మాత్రం దాన్ని చెవి అన్నారు. అబద్ధం ఎందుకు, మొదట్లో చెవి మంచే చేసింది. ముసలివాళ్లున్న గల్లీలకు ఎండెక్కాక నీళ్లొచ్చేవి. చెత్త బండి వాళ్ల గుమ్మం ముందు ఆగేది. ఇంటింటికీ ఇచ్చిన చిన్న పెట్టె ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడేది, వాళ్లు పిలిస్తే పలికేది. వడ్రంగి వెంకటాచారి స్నానాల గదిలో జారి పడితే, చెంబు చప్పుడు నడుమలో ఆగిందని పసిగట్టి పదిహేను నిమిషాల్లో అంబులెన్సు పంపింది. ఆయన బతికి బయటపడ్డాక యంత్రానికి కొబ్బరికాయ కొట్టాడు.

తర్వాత తెర మీద ఇళ్లకు రంగులొచ్చాయి. ఒంటరిగా బతకగల మనిషి ఇల్లు ఆకుపచ్చ. చేతులు నెమ్మదిస్తే పసుపు. ఇంకా నెమ్మదిస్తే ఎరుపు. మూడు వారాలు ఎర్రగా ఉంటే బండొచ్చి ఆ మనిషిని, ముసలివాళ్లను ఉంచే ఆలన భవనానికి తీసుకుపోతుంది. రంగులు నీలవేణి ఆలోచన కాదు. ఇంటికి మనిషిని పంపడం కంటే మనుషులందరినీ ఒకచోట పెట్టడం సులువని పైవాళ్లకు తోచింది. వాళ్లకు తోచిందంటే అది ఇక చట్టమే. జంగయ్య గురుబారి భుజంనొప్పిని ఎంత ప్రేమగా విన్నాడో చెవి కూడా అంతే శ్రద్ధగా విన్నది. అతను విన్నప్పుడు ఇంట్లోంచి నొప్పుల నూనె సీసా తెచ్చి ఇచ్చాడు. అది విని ఇంటికి పసుపు రంగు వేసింది.

అదే ఏడాది వాల్వులకు మోటర్లు బిగించారు. నీళ్లు వాటంతటవే రావడం, వాటంతటవే పోవడం. గేట్ల మీద దెబ్బల్లేవు, గల్లీలోకి జనం రావడమూ లేదు. జంగయ్యను హైవే అవతల ట్యాంకర్లు నింపే చోటికి వేశారు. అనసూయ 'నేను చెప్పలే?' అని కూడా అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ మండింది.

ఖాజా మియా ఇల్లు మొదట ఎర్రబడింది. ఆయన్ను తీసుకుపోయిన నెలకు జంగయ్య గురుబారిని వెంటబెట్టుకుని ఆలన భవనానికి పోయాడు.

గురుబారిది ఒడిశాలోని బలంగీరు. బట్టీలో ఇటుకలు మోయడానికి మొగుడితో వచ్చింది. మొగుడు బట్టీలోనే పోయాడు, బట్టీ తర్వాత పోయింది, ఆమె మిగిలింది. మెకానిక్ షెడ్డు వెనక ఒంటిగది. డెబ్బై ఒక్క ఏళ్లు. జంగయ్య పోయినప్పుడల్లా నీళ్లన్నంలో ఉల్లిపాయ నంచుకుంటూ, ఒక గిన్నె అతనికీ జరిపేది. పదేళ్ల కింద అతని తల్లి పోయినప్పుడు, పదకొండు రోజులు అతని ఇంటికి నీళ్లు మోసి, ఆ ఇంట్లో మనిషైపోయిన ముసలిది.

భవనం అద్దంలా ఉంది. ఖాజా మియా తెల్ల దుప్పటి మీద కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి నవ్వలేదు.

"జంగయ్యా, వాల్వ్ ఎప్పుడు తిప్పుతున్నవ్?"

"ఇప్పుడు నేను తిప్పుతలేను మియా. అదే తిరుగుతున్నది. మీకేమైంది, మంచిగనే ఉన్నరు కదా. ఇరవైనాలుగ్గంటలు నీళ్లంట."

"హౌ. ఎప్పుడు తిప్పినా వస్తయ్." ఆయన కిటికీ వైపు చూశాడు. "ఎప్పుడూ వస్తయ్ గాబట్టి ఎవ్వరూ రారు."

మంచం పక్క పెట్టె ఉర్దూలో మాట్లాడుతోంది. ఖాజా మియా దానికి జవాబివ్వడం మానేసి చాలా రోజులయిందని ఆయా చెప్పింది. తిరిగొచ్చి ఆటో దిగాక గురుబారి జంగయ్య చొక్కా పట్టుకుంది.

"బాబూ. నన్ను ఆడ పెట్టకు."

"నేనెవర్ని పెట్టనీకి అవ్వా?"

"చెవికి నువ్వే నేర్పినవ్ కదా."

"ఆడ నీ మాట మాట్లాడే పెట్టె కూడా ఉంటది."

"అది కటకం పట్నపు సార్లు మాట్లాడినట్టు మాట్లాడ్తది. మా బలంగీరు మాట దానికి రాదు. నేను ఆకలంటే, దరఖాస్తు అన్నట్టు ఇంటది." ఆమె చొక్కా వదల్లేదు. "నీకు మా మాట అసల్కే రాదు. అయినా నీకు సమజైతది. నన్ను నా ఇంట్లనే చావనియ్యి."

వారం తిరక్కముందే ఆమె ఇల్లు ఎర్రబడింది.

జంగయ్య రెండు రోజులు ఆలోచించాడు. చెవికి ఏది ఎలా వినబడితే మనిషి అనుకుంటుందో అతనికంటే తెలిసినవాడు లేడు. సోమవారం పొద్దున పనికి సెలవు పెట్టి, ఒక పాత నూనె డబ్బా, సైకిలు ట్యూబు ముక్క, గుండ్రాయి, ట్యాంకులో నీళ్లు ఆపే బాల్‌కాక్ ఒకటి సంచిలో వేసుకుని గురుబారి ఇంటికి పోయాడు. కుళాయి కింద డబ్బాను ఇరుసు మీద వేలాడదీశాడు. చెంబెడు నీళ్లు నిండగానే డబ్బా బోర్లాపడి కింది తొట్టిలో దబ్‌మని పోస్తుంది, రాయి బరువుకు మళ్లీ పైకి లేస్తుంది. పదకొండోసారికి తొట్టి నిండి, బాల్‌కాక్ నీళ్లు ఆపేస్తుంది. నడుమలో ట్యూబు ముక్కను బిగిస్తూ సడలిస్తూ, చెంబుకూ చెంబుకూ మధ్య ఎడం సరిచేశాడు. ఇరవై ఏళ్ల కిందటి గురుబారి స్నానం అది, ఆ జోరు, ఆ లెక్క.

ముసలిది నోరు మూసుకుని నవ్వింది. "ఎవరిదిది, గింత జల్దీ తానం జేస్తున్నది?"

"నువ్వే. యాభై ఏండ్ల పిల్లవు."

ఆఖర్న తొట్టి అడుగున సన్నటి చిల్లు వేశాడు. ఆమె నీళ్లు వాడినా వాడకపోయినా, మళ్లీ నీళ్లొచ్చే ఎల్లుండికి తొట్టి ఖాళీ కావాలి. ముసలిది మరిచినా డబ్బా మరవొద్దు. ఆ చిల్లు వేసినందుకు తన తెలివికి తానే మురిశాడు. పెద్ద చదువులకు ఇది తోచదు అనుకున్నాడు. మాటల పెట్టెను గురుబారి పాత చీరలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టింది, దగ్గు వినబడకుండా.

పది రోజుల్లో ఇల్లు పసుపైంది. నెలకు పచ్చబడింది.

ఇలాంటివి దాగవు. వెంకటాచారి వచ్చి, "నాకూ ఒకటి కట్టు. కర్రపని నేను జేస్కుంట, చప్పుడు నువ్వు జూడు" అన్నాడు. బెంగాలీ టైలరు భార్య వచ్చింది. రిటైరైన బీహారీ వాచ్‌మన్ వచ్చాడు. మొత్తం పది ఇళ్లలో జంగయ్య డబ్బాలు కట్టాడు. ఒక్కో మనిషికి ఒక్కో లయ. పదిళ్లూ పచ్చబడ్డాయి, పది పెట్టెలూ ఏ డ్రమ్ములోనో మూటలోనో దాగాయి. కుమ్మరికుంటలో ముసలివాళ్లు కోలుకుంటున్నారని పైకి కాగితాలు పోయాయి. ఎవరో పెద్ద సారు వచ్చి నీలవేణికి శాలువా కప్పాడు. ఆ సభలో జంగయ్య చివరి వరసలో కూర్చుని, కప్పండి కప్పండి, నా డబ్బాకు కప్పినట్టే అని లోలోపల నవ్వుకున్నాడు. చాలా రోజులకు నవ్విన నవ్వు అది.

గురుబారి గల్లీకి సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున నీళ్లు. జంగయ్య పనికి పోయే దారి అదే. సైకిలు ఆపి, మానుకోలేని అలవాటు కొద్దీ, భుజం మీది చువ్వను పైపుకు ఆనించి ఒక క్షణం వినేవాడు. డబ్బా పలికేది. పదకొండు. మళ్లీ సైకిలెక్కేవాడు. ముసలిదాని మొహం చూసి చాలా రోజులైంది. ట్యాంకర్లకాడ ఆలస్యమైతే సూపర్‌వైజర్ నోరు మంచిది కాదు. అదీగాక, డబ్బా ఉందిగా.

ఆ బుధవారం కూడా ఆగాడు. చువ్వకు చెవి పెట్టాడు. దబ్, దబ్. బాగుంది. ఆ వెనక ఏదో సన్నగా కొట్టుకుంటోంది. టక్ టక్ టక్. ఆగి, టక్.

జంగయ్య పెదవి వంకర పోయింది. లైన్లో గాలి. మోటరు వాల్వులు పెట్టారు గానీ గాలి తీసి వదలాలని ఒక్కడికైనా తెలిసిందా? నేనుంటే తీసేవాణ్ని. కొట్టుకోనీ. పైపులు పగిలిననాడు నా దగ్గరికే వస్తరు.

మనసు నిండా ఆ చేదు సంతోషంతో సైకిలు తొక్కాడు.

సాయంత్రం అనసూయ అడిగింది. "ఒరియా అవ్వ కనబడిందా? మక్కగారెలు చేద్దామనుకుంటున్న, అవ్వకు మస్తిష్టం."

"బాగనే ఉంది."

"చూసినవా?"

"ఇన్న."

"ఇనుడేంది? మనిషిని జూసినవా, లేదా?"

"మంచిగనే తానం జేస్తున్నదని చెప్తున్న గదనే" అని విసుక్కుని అటు తిరిగాడు.

శుక్రవారం అనసూయ గారెల డబ్బా పట్టుకుని పోయింది. గడియ లోపల పెట్టి ఉంది. షెడ్డు మెకానిక్‌ను పిలిచి తలుపు తీయించింది. జంగయ్యకు ఫోను చేసినప్పుడు ఆమె ఏడవలేదు. "నువ్వు రా" అని మాత్రం అంది.

గురుబారి స్నానాల గదిలో పక్కకు ఒరిగి ఉంది. తుంటి విరిగింది. ఒక చేయి పైపు దగ్గరికి చాచి ఉంది, చేతిలో సత్తు చెంబు. ఆమె తల పైన డబ్బా ఖాళీగా ఊగుతోంది. ఆ పొద్దున కూడా అది పదకొండు సార్లు పోసింది. సగం నీళ్లు ఆమె జుట్టు మీద పడ్డాయి.

జంగయ్య చేసిన మొదటి పని డబ్బా విప్పి సంచిలో వేసుకోవడం. అనసూయ చూసింది. ఆ చూపు గురించి అతను తర్వాత ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున పడిందని, బుధవారం సాయంత్రం దాకా ప్రాణముందని డాక్టరు రాశాడు.

శనివారం నీలవేణి అతన్ని పంపుహౌసు గదికి పిలిపించింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తెర మీద గీతలున్నాయి.

"నాకు అర్థం కావట్లేదండీ. సోమవారం పడిపోయారు. అదే సోమవారం పదకొండు చెంబులు. బుధవారం పదకొండు. నిన్న కూడా పదకొండు, అప్పటికి ఆవిడ లేరు. ఎవరు పోశారండీ ఆ నీళ్లు?"

జంగయ్య తెర చూస్తూ కూర్చున్నాడు. సంచి ఇంట్లో అటక మీద ఉంది. దాన్నెవరూ చూడలేదు. నోరు మూసుకుంటే యంత్రానిదే తప్పు. దాని పేరు మట్టిలో కలుస్తుంది, ఒకప్పుడు అతను కోరుకున్నదదే. నోరు తెరిస్తే మిగిలిన తొమ్మిదిళ్లలో వాళ్లు మళ్లీ ఎర్రబడతారు. తెరవకపోతే ఆ తొమ్మిదిళ్లలో ఏ పొద్దున ఎవరు పడ్డా డబ్బా పోస్తూనే ఉంటుంది.

"ఇంకోటి కూడా ఉందండీ" అంది నీలవేణి. "ఇది వినండి. నీళ్ల చప్పుడు తీసేసి పెడుతున్నాను."

గది నిండా సన్నగా, ఇనుము మీద సత్తు.

టక్ టక్ టక్. ఆగి, టక్.

టక్ టక్ టక్. ఆగి, టక్.

"సోమవారం మధ్యాహ్నం నుంచి బుధవారం సాయంత్రం దాకా ఉందండీ. వెయ్యికి పైనే. చెవి అన్నీ విన్నది. అన్నింటికీ 'గాలి' అని రాసుకుంది." ఆమె గొంతు తగ్గింది. "మనమే నేర్పాం కదండీ."

మనమే అంది ఆ పిల్ల. నువ్వే అనలేదు.

జంగయ్య చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. గాలికి లెక్క ఉండదు. గాలి మూడు కొట్టి ఆగదు. ఇరవై ఐదేళ్లు ఆ ముసలిదాని గేటు మీద తను కొట్టిన దెబ్బలవి. ఆ దెబ్బలు పడితే ఎవరైనా బయటికొస్తారని గురుబారి నేర్చుకుంది. దానికి వేరే ఏ భాషా తెలియనవసరం లేదు. బుధవారం పొద్దున, అదే దెబ్బ ఆమె కొడుతుంటే, అతను చెవి పెట్టి విని, నవ్వుకుని పోయాడు.

"డబ్బా పోసింది" అన్నాడు.

"ఏంటండీ?"

"నేను కట్టిన. ఇంకా తొమ్మిదున్నయ్. రాస్కో బిడ్డా, ఇండ్ల పేర్లు చెప్తా."

చెప్పాడు. రాస్తూ రాస్తూ ఆమె ఒకచోట పెన్ను ఆపి కళ్లు తుడుచుకుంది. అతను ఆగి, మళ్లీ చెప్పాడు.

డబ్బాలు విప్పడానికి తనే పోయాడు. వేరేవాళ్లు పోతే విరగ్గొడతారని. బెంగాలీ టైలరు భార్య అతని కాళ్లు పట్టుకుంది. వెంకటాచారి మాత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని, తను చెక్కిన ఇరుసు ఊడుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"కట్టింది నువ్వే. ఇప్పుతున్నది నువ్వే. నడుమల మమ్మల్ని ఎవడడిగిండు?"

"నువ్వే కట్టుమన్నవ్ గద చారీ."

"కట్టుమన్న. డబ్బా కట్టుమన్న. నువ్వు రావుడు బంజేయమన్ననా?"

జంగయ్య ఊడదీసిన ఇరుసు తుడిచి చారి ఒళ్లో పెట్టాడు.

నెల తిరిగేసరికి నలుగురిని బండి తీసుకుపోయింది. జంగయ్యను పనిలోంచి తీసేశారు. శాలువా కప్పిన పెద్ద సారు మళ్లీ రాలేదు. నీలవేణి మాత్రం పోలేదు. ఒకరోజు ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "ఒక్క చప్పుడుకి పేరు మార్చాలండీ. దానికి మీరు కావాలి" అంది.

గురుబారి గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. జంగయ్య స్నానాల గదిలో గచ్చు మీద, ఆమె పడి ఉన్నచోటే కూర్చున్నాడు. ఆమె సత్తు చెంబుతోనే పైపు మీద కొట్టాడు. మూడు దెబ్బలు, ఆగి ఒకటి. గట్టిగా, మెల్లగా, ఎడమ చేత్తో, వేళ్లలో బలం లేని మనిషి కొట్టినట్టు. పంపుహౌసులో నీలవేణి వింటోంది, చెవి నేర్చుకుంటోంది. మూడు వందలు చాలని ఆమె ఫోనులో చెప్పింది. అతను వినలేదు. వెయ్యి కొట్టాడు. భుజం లాగేసింది. చెంబుకూ చెంబుకూ నడుమ ఆమెకు ఎందుకు తేడా వచ్చేదో అప్పుడు తెలిసింది.

"కింద ఏమని రాయమంటారు?" అంది నీలవేణి.

"మనిషి అని రాయి."

మిగిలిన ఇళ్లవాళ్లందరికీ ఆ దెబ్బ నేర్పారు. ఏ భాష మనిషైనా, పెట్టె ఉన్నా లేకున్నా, పైపు మీద మూడు, ఆగి ఒకటి. పొద్దున్నే జంగయ్య చువ్వ భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరుగుతాడు. అది ఇప్పుడు పని కాదు, ఎవరో చెప్పిందీ కాదు. గేటు మీద కొడతాడు. లోపలి నుంచి పైపు పలికేదాకా నిలబడతాడు. పలికాక కూడా, మొహం కనబడేదాకా కదలడు. ముసలివాళ్లు విసుక్కుంటారు. వెంకటాచారి, "బతికే ఉన్ననయ్యా, పో" అని తలుపు సందులోంచి తిడతాడు. ఆ తిట్టు విన్నాకే జంగయ్య పక్కింటికి పోతాడు.

వారానికోసారి నీలవేణి ఫోను చేస్తుంది.

"మళ్లీ గురుబారి గారి ఇల్లేనండీ. 'మనిషి' అని చూపిస్తోంది. అది ఖాళీ ఇల్లు కదా, నిజంగా గాలేనండీ ఈసారి. ఆ ఒక్క ఇల్లు తీసేయనా? మీకెందుకు శ్రమ."

"తియ్యకు."

"గాలేనండీ."

"ఎర్కే బిడ్డా. గాలే."

తాళంచెవి చువ్వను భుజానికెత్తుకుంటాడు. అనసూయ చెప్పులు అతని ముందుకు జరుపుతుంది. మెకానిక్ షెడ్డు వెనక్కి పోయి గేటు మీద మూడు కొట్టి, ఆగి, ఒకటి కొడతాడు. తలుపు తీసి, ఎండిపోయిన గచ్చు దాకా పోయి చూసి వస్తాడు.